ఉప్పు ధర, ఇనుప దారి

అనంతపురం పీఠభూమిలో ఎంత మంచి వాన పడినా పండనిది సముద్రపు ఉప్పు. కోస్తా ఉప్పు మడుల నుంచి అది ఇక్కడికి రావాలంటే వెలికొండలో, నల్లమలో, పాలకొండలో ఏదో ఒక కొండల వరుస దాటాలి. రైలు రాకముందు ఆ పని లంబాడీలది. ఈ జిల్లాలో సుగాలీలంటారు. వందల ఎద్దుల మందలకు రెండు పక్కలా సంచులు వేసి, పెళ్లాం బిడ్డలతో సహా నడిచేవాళ్లు. పైకి వచ్చేటప్పుడు ఉప్పు, దిగేటప్పుడు పత్తి, ధాన్యం. ఒక్కో ఎద్దు మోసేది సుమారు వంద కిలోలు, రోజుకు నడిచేది పదిహేను, ఇరవై కిలోమీటర్లు. దారిలో మేత, నీళ్లు ఉంటేనే ఆ నడక. గుత్తికి చేరేసరికి ఉప్పు ధరలో ఉప్పుది కొంతే, మిగతాదంతా దారి ఖర్చు.

ఈ దారి ఖర్చు అన్న మాటను గుర్తుంచుకోండి. రైలు ఒక దేశపు ఆర్థిక వ్యవస్థను ఎలా మార్చిందని అడిగితే, ఆర్థికవేత్తలు చివరికి కొలిచేది దీన్నే. కొలవడానికి వాళ్లు వాడిన వస్తువు కూడా ఉప్పే. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇనుము మీద ఇనుము దొర్లితే ఖర్చు ఎందుకు తగ్గుతుందో చూడాలి.

సమతలంగా ఉన్న మట్టి బాట మీద ఒక టన్ను బరువున్న బండిని లాగడానికి యాభై నుంచి వంద కిలోల బలం కావాలి. నల్లరేగడిలో వాన కురిసిన మర్నాడైతే ఎంత కావాలో చెప్పలేం, ఇరుసు దాకా దిగబడిపోతుంది. అదే టన్నును పట్టాల మీద లాగడానికి రెండు మూడు కిలోల బలం సరిపోతుంది. గట్టి చక్రం గట్టి పట్టా మీద ఆనేచోట రెండూ వంగేది చాలా తక్కువ, అందుకే దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తీ తక్కువ. రైలు లాభమంతా ఇక్కడే మొదలవుతుంది.

కాకపోతే ఈ లాభం ఎత్తు ఎక్కేటప్పుడు కరిగిపోతుంది. నూటికి ఒకటి వాలు, అంటే వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కడం, మనిషి కంటికి దాదాపు చదునుగానే కనిపిస్తుంది. కానీ ఆ వాలులో టన్నుకు అదనంగా పది కిలోల బలం కావాలి. చదునులో రెండు మూడు కిలోలతో కదిలే టన్ను ఇప్పుడు పన్నెండు, పదమూడు కిలోలు అడుగుతుంది. ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లే లైను రెండొందల మీటర్లకు పైగా ఎక్కాలి. పట్టాలు గుట్టల చుట్టూ అంత దూరం ఎందుకు తిరుగుతాయో, పెనుకొండ దగ్గర రాళ్లను అంత లోతుగా ఎందుకు తొలిచారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆవిరి ఇంజిన్ల రోజుల్లో నీటి బాధ ఇంకొకటి. మీటర్‌గేజ్ ఇంజిను వెనక టెండర్‌లోనే పది వేల లీటర్లకు పైగా నీళ్లు పట్టేవి. చెరువులు ఎండే సీమలో ప్రతి కొన్ని స్టేషన్లకు ఒకచోట అంత నీటిని ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. ఊరికి నీళ్లు లేని ఏడు కూడా ఇంజినుకు ఉండాల్సిందే.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. దక్షిణాదిలో 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు మొదటి లైను తెరిచారు. మద్రాసు రైల్వే కంపెనీ వాయవ్య లైను అక్కడి నుంచి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. లండనుకు కావలసినవి రెండు: బొంబాయికీ మద్రాసుకూ మధ్య సైన్యం కదలడం, బళ్లారి, ఆదోని రేగళ్లలో పండే పత్తి ఓడరేవులకు చేరడం. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయి మాంచెస్టరు మిల్లులు పడకేశాయి. దక్కను పత్తి మీద అందరి కళ్లూ పడ్డది అప్పుడే. అనంతపురం సీమ అవసరాలు ఆ లెక్కలో లేవు. దారి మధ్యలో ఉంది కాబట్టి పట్టాలు ఇటు వచ్చాయి.

లైను కలిసిన ఐదేళ్లకే ధాత కరువు వచ్చింది.

1876లో నైరుతి వానలు, ఈశాన్య వానలు రెండూ ముఖం చాటేశాయి. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉంది, విడి జిల్లా అయ్యింది 1882లో. ఈ నేల పడమటి కనుమల వెనక వాననీడలో ఉంటుంది. బంగాళాఖాతం వానలకేమో దూరం. వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే. రెండు ఏళ్లు వరసగా పోయేసరికి కొర్ర లేదు, జొన్న లేదు, పశువుకు చొప్ప లేదు. కరువు ముగిసేసరికి బళ్లారి జిల్లా జనాభా ఇంచుమించు ఐదో వంతు తగ్గిపోయింది. బ్రిటిషు పాలనలో ఉన్న ప్రాంతాల్లో యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని తర్వాత కరువు కమిషనే లెక్క వేసింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. గుత్తి మీదుగా పట్టాలు ఉన్నాయి. బెంగాలు నుంచి, బర్మా నుంచి ఓడల్లో వచ్చిన బియ్యం మద్రాసు తీరంలో గుట్టలుగా పడి ఉంది. గూడ్సు బండ్లు ఆ బియ్యాన్ని లోపలికి తెస్తూనే ఉన్నాయి. మరి జనం ఎందుకు చచ్చిపోయారు?

ఒక కారణం కేవలం రవాణాది. ఒంటి లైను మీద రోజుకు ఇన్నే బండ్లు నడవగలవు. స్టేషన్ దాకా ధాన్యం వచ్చినా అక్కడి నుంచి ఇరవై, ముప్పై కోసుల దూరంలో ఉన్న ఊళ్లకు తీసుకుపోవాల్సింది ఎద్దులు. ఎద్దులు అప్పటికే మేత లేక చచ్చిపోయాయి. రైలు దారి ఎంత పొడవున్నా, చివరి ఇరవై కోసులు పాత కాలంలోనే ఉండిపోయాయి.

రెండో కారణం ఇంకా పెద్దది. ధాన్యం ఉన్నా కొనడానికి చేతిలో డబ్బు లేదు. పంట పోతే రైతుకు రాబడి పోతుంది, రైతు పని చెప్పకపోతే కూలీకి కూలి పోతుంది, నేత బట్ట కొనేవాడు లేక సాలెవాడి మగ్గం ఆగిపోతుంది. ఆకలి ఎంతున్నా గిరాకీ లెక్కలో డబ్బున్నవాడి ఆకలే కనిపిస్తుంది. రైలు ధాన్యాన్ని ధర ఉన్న చోటికి తీసుకుపోతుంది, కడుపు ఉన్న చోటికి కాదు. 1981లో అమర్త్య సేన్ కరువుల మీద రాసిన పుస్తకంలో, తిండి లేకపోవడం వేరు, తిండి మీద హక్కు లేకపోవడం వేరని నిరూపించాడు. ధాత కరువులో ఆ తేడా గుత్తి ప్లాట్‌ఫారం మీదే కనబడింది: బస్తాలు ఇక్కడ, చావులు పది కోసుల అవతల.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభుత్వం 1876 చివర్లో ముప్పై వేల టన్నుల ధాన్యం కొని పెట్టింది. వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం అది తప్పని మందలించింది, వ్యాపారుల పనిలో సర్కారు వేలు పెట్టకూడదని. కరువు పనులకు వచ్చే కూలీకి ఎంత ఇవ్వాలో చూడమని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. ఆయన రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. అర కిలో కూడా కాని గింజలతో రోజంతా మట్టి తవ్వాలి. నేను ఎన్నిసార్లు చదివినా ఆ నిర్ణయం ముందు మనసు ఆగిపోతుంది. పట్టాలు ఉన్నా, ధాన్యం ఉన్నా, పని పెట్టినా, కూలీ చేతికి ఇచ్చేది మనిషి బతకడానికి చాలకపోతే ఆ మూడూ దండగే.

1880లో కరువు కమిషన్ తన నివేదికలో రైలు మార్గాలకు పెద్ద పీట వేసింది. వెంటనే ఐదు వేల మైళ్ల కొత్త లైన్లు వేయాలని, దేశం మొత్తానికి ఇరవై వేల మైళ్లు ఉంటే కరువును తట్టుకోవచ్చని చెప్పింది. లాభం కోసం కాక, ప్రాణాల కోసం వేసే ఈ లైన్లకు రక్షణ రైల్వేలని పేరు పెట్టారు. 1882లో పుట్టిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ పని కోసమే ఏర్పడింది. బళ్లారి నుంచి గుంతకల్లు, నంద్యాల, నల్లమల దాటి కృష్ణా డెల్టా దాకా వేసిన మీటర్‌గేజ్ లైను ఆ లెక్కలోనిదే. వరి పండే డెల్టాను వాన రాని పీఠభూమికి ముడివేయడమే దాని ఉద్దేశం. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరుకూ, ధర్మవరం నుంచి కదిరి, మదనపల్లె మీదుగా పాకాలకూ లైన్లు వచ్చాయి. ఇరవై ఏళ్లలో అనంతపురం జిల్లా నాలుగు దిక్కులకూ పట్టాలతో తెరుచుకుంది.

ఇంత వేగంగా ఎందుకు చేశారో ఒప్పుకుంటూనే, అప్పట్లో దీన్ని గట్టిగా ఎదిరించిన మనిషి గురించి చెప్పాలి. గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్. రైళ్ల మీద పోసే డబ్బు కాలవల మీద పోస్తే పంటా పండుతుంది, సరుకూ పడవల మీద కదులుతుంది, అదీ చవగ్గా, అని జీవితమంతా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందూ అదే చెప్పాడు. రమేశ్ చంద్ర దత్ లాంటి జాతీయవాద ఆర్థికవేత్తలు ఆ వాదాన్ని ముందుకు తీసుకుపోయారు. డెల్టాల విషయంలో కాటన్ నూటికి నూరుపాళ్లు ఒప్పే అని నా నమ్మకం. కానీ అనంతపురానికి ఆ మందు అందేది కాదు. పెన్న ఏడాదిలో కొన్ని వారాలే పారుతుంది, పడవ తేలే నీరు ఇక్కడ ఏ నెలలోనూ లేదు. కాటన్ ఆలోచనల మీదే మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలవ సంగతీ చూశాం. ఖర్చు లెక్క తప్పి, నల్లరేగడి రైతులు మొదట్లో నీళ్లు తీసుకోక, చివరికి 1882లో సర్కారే దాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇదే వాదం ఎనభై ఏళ్ల తర్వాత అమెరికాలో మళ్లీ లేచింది. రాబర్ట్ ఫోగెల్ 1964లో ఒక పుస్తకం రాసి, 1890 నాటి అమెరికాలో రైళ్లే లేకపోయినా నదులు, కాలవలు, బండ్లు కలిసి చాలా పని చేసేవనీ, జాతీయ ఆదాయంలో తగ్గేది నూటికి కొద్ది పాళ్లేననీ తేల్చాడు. ఆయనకు 1993లో నోబెల్ కూడా వచ్చింది. రైలే అమెరికాను కట్టిందని నమ్మినవాళ్లకు అది పెద్ద దెబ్బ. తర్వాత 2016లో డేవ్ డొనాల్డ్‌సన్, రిచర్డ్ హార్న్‌బెక్ అదే ప్రశ్నను భూమి విలువలతో కొలిచి, రైళ్లు లేకపోతే అక్కడి సాగు భూమి విలువ 60 శాతం పడిపోయేదని చెప్పారు. వాళ్లలో వాళ్లు ఏం తేల్చుకున్నా, ఫోగెల్ లెక్క నిలవాలంటే మిసిసిపీ లాంటి నది ఉండాలి. అనంతపురంలో రైలుకు పోటీ నది కాదు, మేత కోసం చూసే ఎద్దు.

ఇప్పుడు ఉప్పు దగ్గరికి వద్దాం. రైలు రావడం వల్ల ఒక జిల్లా ఆదాయం ఎంత పెరిగిందో చెప్పడం తేలిక కాదు. ఎందుకంటే బాగుపడబోయే జిల్లాకే సర్కారు రైలు వేసి ఉండవచ్చు, అప్పుడు కారణమూ ఫలితమూ కలగలిసిపోతాయి. డొనాల్డ్‌సన్ బ్రిటిష్ కాలపు జిల్లా రికార్డుల్లో ఉప్పు ధరలు వెతికాడు. ఉత్తర భారతంలో ఎనిమిది రకాల ఉప్పు అమ్మేవారు, ఒక్కో రకం తయారయ్యే చోటు ఒక్కటే. సాంభర్ సరస్సు ఉప్పు సాంభర్‌లోనే పుడుతుంది. కాబట్టి పుట్టిన చోట ధరకూ, దూరపు జిల్లాలో ధరకూ తేడా ఎంతో, దారి ఖర్చు అంత. రైలు వచ్చిన ఏడు ఆ తేడా ఎంత పడిందో చూస్తే రైలు బలం తెలుస్తుంది. ఇంత సాదా వస్తువుతో ఇంత పెద్ద ప్రశ్నను కొలవచ్చని తట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. 2018లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, రైలు వచ్చిన జిల్లాలో వ్యవసాయ ఆదాయం సగటున 16 శాతం పెరిగింది. ప్లాను వేసి, సర్వే చేసి, కట్టకుండా వదిలేసిన లైన్ల దారిలో ఉన్న జిల్లాలనూ చూశాడు. అక్కడ పెరుగుదల కనబడలేదు. అంటే పెంచింది పట్టాలే.

ఈ పరిశోధనల్లో అనంతపురానికి అన్నిటికన్నా అవసరమైన ముక్క వేరే ఉంది. రైలు లేని రోజుల్లో ఒక జిల్లాలో వాన పోతే ఆ జిల్లాలో గింజల ధర ఆకాశానికి ఎగసేది. పక్క జిల్లాలో ధర మామూలుగా ఉన్నా తెచ్చే దారి లేదు. రైలు వచ్చాక స్థానిక వానకూ స్థానిక ధరకూ ఉన్న ఆ ముడి తెగింది. ఎక్కడ కొరత ఉంటే అక్కడికి సరుకు కదిలి, ధరలు దాదాపు ఒకటవుతాయి. వాన పోయినప్పుడు చావులు పెరిగే తీరు కూడా పట్టాలు వచ్చిన జిల్లాల్లో తగ్గిందని రాబిన్ బర్జెస్‌తో కలిసి డొనాల్డ్‌సన్ చూపించాడు.

తినేవాడికి ఇది వరం. పండించి అమ్ముకునేవాడికి? ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఉంది. పాత రోజుల్లో పంట సగమే వచ్చిన ఏడు, ఆ సగానికి రెట్టింపు ధర పలికేది. వాన తీసుకుపోయిందాన్ని ధర కొంత తిరిగి ఇచ్చేది. పట్టాలు ఆ సర్దుబాటును రద్దు చేశాయి. ఇప్పుడు పంట ఇక్కడ పోతుంది, ధర ఇంకెక్కడో తేలుతుంది.

వేరుశనగ కథ చూడండి. ఎర్రమట్టిలో తక్కువ వానకు తట్టుకుంటుంది, నూనె గింజ కాబట్టి దూరపు మార్కెట్లో డబ్బు తెస్తుంది, కట్టె పశువుకు మేత. పట్టాలు లేకపోతే ఒక జిల్లా తన తిండికి మించి వేరుశనగ వేసే అవకాశమే లేదు, వేసినా ఎవరికి అమ్మాలి? గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, కదిరి, హిందూపురం స్టేషన్ల చుట్టూ నూనె మిల్లులు, మండీలు లేచాయి. ఇరవయ్యో శతాబ్దం చివరికి అనంతపురం దేశంలోనే అతి పెద్ద వేరుశనగ జిల్లాల్లో ఒకటయ్యింది, ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఆ ఒక్క పంటే. కొర్రలు, సజ్జలు, ఆరికలు వెనక్కి తగ్గాయి. ఆర్థికశాస్త్రం దీన్ని మెచ్చుకుంటుంది: ఎవరికి ఏది బాగా చేతనైతే అది చేసి, మిగతాది కొనుక్కోవాలి. ఆ మెచ్చుకోలు వానల మీద ఆధారపడి ఉంది. ఆగస్టులో, ఊడలు దిగే రోజుల్లో నెల రోజులు చుక్క పడకపోతే చేను కట్టెకే మిగులుతుంది. ఆ ఏడు సౌరాష్ట్రలో వానలు బాగా పడ్డాయనుకోండి, మలేషియా నుంచి పామాయిల్ ఓడలు చవగ్గా దిగాయనుకోండి, అనంతపురం రైతుకు పంటా లేదు, ధరా లేదు. ఈ సీమలో 1990ల చివరి నుంచి అప్పుల కింద నలిగి ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లల్లో ఈ రెండు దెబ్బలూ ఒకేసారి పడ్డాయి.

కరువు స్వభావాన్నే రైలు మార్చేసింది. ధాత కరువు నాటికి గింజల కొరత సగం, డబ్బు కొరత సగం. ఇవాళ అనంతపురంలో గింజల కొరత లేదు. డెల్టా బియ్యం ఏ ఏడైనా బండ్ల నిండా వస్తుంది, రక్షణ లైనుగా మొదలైన దారిలోనే. ఉన్నది డబ్బు కొరత. కాబట్టి మందు కూడా డబ్బు రూపంలోనే ఇవ్వాలి.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కరువు నేలలో ఇంటికి ఏడాదికి వంద రోజుల పని, అడిగితే హక్కుగా, అని ఆ చట్టం చెప్పింది. టెంపుల్ నాటి పనులకూ దీనికీ పైకి పోలిక కనబడుతుంది, రెండింటిలోనూ మట్టి పనే. చట్టం కూలీ పక్షాన ఉండటమే తేడా. అప్పుడు బతకడానికి కనీసం ఎంత ఇస్తే చాలని లెక్క వేశారు. ఇప్పుడు ఆ డబ్బుతో అంగడికి వెళ్లి రైలు తెచ్చిన బియ్యం కొనుక్కునే శక్తి ఇవ్వాలని లెక్క. కూలి ఆలస్యమవుతుంది, పని దినాలు తగ్గుతాయి, ఆ పోరాటం నడుస్తూనే ఉంది. కానీ 1877లో పట్టాలకు తోడు లేని సగం ఇదే.

జాతీయవాదులు రైళ్ల మీద మోపిన నేరం ఇంకొకటి ఉంది, అది న్యాయమైనదే. తొలి రైల్వే కంపెనీలకు ప్రభుత్వం ఐదు శాతం రాబడికి హామీ ఇచ్చింది. రాబడి తగ్గితే ఆ లోటు రైతు కట్టే శిస్తు నుంచి పూడ్చారు. పొదుపుగా కట్టాల్సిన అవసరం కంపెనీకి లేకుండా పోయింది. అమెరికాలోనూ జర్మనీలోనూ పట్టాలు వేయడమంటే అక్కడి ఉక్కు కర్మాగారాలకు, ఇంజిన్ షాపులకు పని. మనకు పట్టా, ఇంజిను, వంతెన గడ్డరు అన్నీ ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చాయి. 1860ల నుంచి 1940ల మొదటి దాకా బ్రిటన్ నుంచి తెచ్చుకున్న ఇంజిన్లు దాదాపు 12,000 అయితే, ఇక్కడ తయారైనవి 700. చిత్తరంజన్‌లో ఇంజిన్ల కర్మాగారం వచ్చింది 1950లో. ఒక దేశానికి రైలు రెండు విధాల ఉపకరిస్తుంది: సరుకు మోసి, సరుకు మోసే యంత్రాలను చేయడం నేర్పి. మనకు మొదటిది వందేళ్లు వచ్చింది, రెండోదాన్ని ఆపి ఉంచారు. కూలి పని మాత్రం ఇక్కడివాళ్లది. గుట్టలు తొలిచింది, మట్టి మోసింది, గేట్లు కాసింది వాళ్లే. గుంతకల్లు గేట్‌మ్యాన్ హంపన్న 1893లో ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సోల్జర్ల నుంచి కాపాడబోయి తుపాకి గుండుకు బలయ్యాడు. కాల్చినవాడికి శిక్ష పడలేదు. ఆ అన్యాయాన్ని పత్రికల్లో దేశమంతా చాటింది గుత్తి వకీలు కేశవ పిళ్లె, 1885లో బొంబాయిలో తొలి కాంగ్రెసు సభకు ఈ సీమ నుంచి వెళ్లిన మనిషి. గుత్తి మీదుగా బొంబాయి లైను అప్పటికి పద్నాలుగేళ్లదే. పత్తి కోసం వేసిన పట్టాల మీద రాజకీయమూ ప్రయాణించింది.

కట్టేటప్పుడు చేసిన ఒక పొదుపు ఎంత కాలం బాధ పెట్టిందో చూడాలంటే గుంతకల్లు వెళ్లాలి. మద్రాసు-బొంబాయి లైను బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. 1870లో లార్డ్ మేయో ఖర్చు తగ్గించడానికి మీటర్‌గేజ్, అంటే 1000 మిల్లీమీటర్లు, చాలన్నాడు. ఇక్కడి కరువు లైన్లన్నీ మీటర్‌గేజ్‌లో వచ్చాయి. రెండూ కలిసే చోటు గుంతకల్లు. రేణిగుంట, రాయచూరు దారి ఒక వెడల్పు, బళ్లారి, నంద్యాల, ధర్మవరం దారులు ఇంకో వెడల్పు. ఒక పట్టా మీద వచ్చిన వ్యాగన్ ఇంకో పట్టా ఎక్కలేదు. షెడ్డులో రెండు రకాల వ్యాగన్లను ఎదురెదురుగా నిలిపి, మధ్యనున్న గట్టు మీదుగా హమాలీలు బస్తాలు మార్చాలి. ఇరవై టన్నుల వ్యాగన్‌లో వంద కిలోల బస్తాలు రెండొందలు. ఒక్కొక్కటి భుజానికి ఎత్తి, పలక మీద నడిచి, అవతల దించి, తిరిగి రావాలి. అలాంటి వ్యాగన్లు నలభై ఉంటే ఎనిమిది వేల బస్తాలు. కొక్కెం గుచ్చిన చోట గోనె చిరిగి గింజలు కారతాయి, అవతల వైపు ఖాళీ వ్యాగన్లు రాకపోతే సరుకు రోజుల తరబడి ఆగుతుంది, వాన పడితే తడుస్తుంది. పట్టాల మీద మూడొందల కిలోమీటర్లలో మిగుల్చుకున్నదాంట్లో కొంత ఆ మూడు గజాల గట్టు మీద పోయేది. కరువు వేళ ఆ ఆలస్యం ప్రాణాల లెక్క.

గుంతకల్లు ఊరు ఆ గట్టు మీదే పెరిగింది. రన్నింగ్ షెడ్లు, రైల్వే కాలనీలు, తమిళం, కన్నడం, ఉర్దూ కలిసిన తెలుగు. 1956లో డివిజన్ కేంద్రమయ్యింది, 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది. గుత్తిలో డీజిల్ షెడ్డు 1960ల్లో వచ్చింది. బెంగళూరు దారి 1980ల్లో బ్రాడ్‌గేజ్ అయ్యింది. 1992లో దేశమంతా ఒకే గేజ్ అన్న నిర్ణయం జరిగాక గుంటూరు, హుబ్లీ వైపు లైన్లు మారాయి. పాకాల లైను అన్నిటికన్నా ఆలస్యం, 2010 ప్రాంతానికి గానీ పూర్తి కాలేదు. మేయో మిగిల్చిన డబ్బును మూడు తరాలు బస్తాలు మార్చుకుంటూ తిరిగి కట్టాయి.

ఇప్పుడు ఆ లైన్ల మీద ఏం పోతోందో చూస్తే పీఠభూమి ఎటు కదులుతోందో తెలుస్తుంది. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో కార్లు తీయడం మొదలుపెట్టింది. పక్కనే బెంగళూరు జాతీయ రహదారి, రైలు లైను లేకపోతే ఇక్కడ ఆ పెట్టుబడి వచ్చేదని నేను అనుకోను. పెనుకొండ స్టేషన్ నుంచి రెండంతస్తుల వ్యాగన్లలో కార్లు ఉత్తరాదికి పోతున్నాయి. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం అరటి.

పెన్న లోయలో, బోర్ల కింద, డ్రిప్పు పెట్టి పండించే అరటిని 2020 జనవరి చివర్లో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు ఒక పూర్తి రైలు మీద పంపారు, 43 శీతల కంటైనర్లలో, గల్ఫ్ వైపు ఎగుమతికి. గెలను చెట్టు నుంచి కోసే ముందే లెక్క మొదలవుతుంది. కాయ ముదరాలి గానీ రంగు తిరగకూడదు. నేల తగలకుండా మోసుకొచ్చి, అత్తాలుగా విడదీసి, కారే జిగురు పోయేలా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, పెట్టెలో సర్దుతారు. కంటైనర్ లోపల 13, 14 డిగ్రీలు. అంతకు తగ్గితే చలికి తొక్క లోపల నల్లబడుతుంది, పెరిగితే కాయ ఇథిలీన్ అనే వాయువును వదిలి తాను పండుతూ పక్కవాటినీ పండిస్తుంది. ఒక్క పెట్టె ముందుగా పండితే కంటైనర్ అంతా ఓడరేవు చేరేలోపే పసుపు తిరుగుతుంది. ఉప్పుకు ఎన్ని రోజులు పట్టినా ఉప్పు ఉప్పే. అరటికి గడువు ఉంది. రైలు ఇక్కడ అమ్ముతున్నది దూరాన్ని కాదు, రోజులను.

అదే ఏడు సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు బయలుదేరింది, టమోటా, అరటి, చీనీ, బొప్పాయి, కర్బూజా నింపుకుని. రైతుకు చార్జీలో సగం రాయితీ ఇచ్చారు. చీనీ తోటల రైతులకు ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ ధర అనంతపురం యార్డు ధరకన్నా సాధారణంగా ఎక్కువే, తేడా అంతా దారిలోనే పోయేది. ఉప్పు లెక్క తిరగబడి నడిచింది: అప్పుడు వస్తువు వచ్చే దారి ఖర్చు తినేవాడి మీద పడేది, ఇప్పుడు పోయే దారి ఖర్చు పండించేవాడి మీద పడుతోంది.

ఇక్కడ రెండు సంగతులు నన్ను భయపెడతాయి. ఒకటి నీళ్లు. టన్ను అరటి పోతే దాంతో పాటు బోరు నీరూ పోతుంది, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే పడే నేల నుంచి. తుంగభద్ర ఎగువ కాలవ నీరు, హంద్రీ-నీవా నీరు వచ్చిన మండలాల్లో కొంత ఊపిరి ఉంది, రానిచోట బోర్లు ఏటేటా లోతుకు పోతున్నాయి. రెండోది, ఈ రైళ్లకు కావలసింది ఒకేచోట ఒకేసారి వందల టన్నులు. ఐదెకరాల రైతు ఒంటరిగా ఒక రైలు నింపలేడు. నింపేది ఎగుమతి కంపెనీ, తోట దగ్గర ధర నిర్ణయించేదీ అదే. రైతు సంఘాలు సొంత ప్యాక్‌హౌస్, సొంత శీతల గది కట్టుకుని, సొంత పేరు మీద వ్యాగన్ బుక్ చేయగలిగితేనే ఢిల్లీ ధరలో తమ వాటా అడగగలవు. వేరుశనగను నూరేళ్లు మిల్లు యజమాని గేటు దగ్గర నిలబడి అమ్మిన సీమ ఇది. శీతల గది, ప్యాక్‌హౌస్, వ్యాగన్ బుకింగ్, ఈ మూడింటికి రైతు సంఘాల పేరున అప్పు, రాయితీ ఇప్పుడే దొరకాలి, ఎందుకంటే తోటలు ఇప్పుడే నాటుతున్నారు, ఒప్పందాలు ఇప్పుడే రాసుకుంటున్నారు.